పెట్టెకు గాలాడాలి

రోమెల్ ఎగ్జిట్ కొట్టించుకొని మనీలా పోతాపోతా
అరవై దినార్లకు నాకు అమ్మిపోయిన పెట్టె ఇది.
ముందర నల్లద్దం, లోపల మూడు రంగుల దీపాలు,
కంపెనీవాళ్లే బిగించి పంపిన గేమింగ్ కంప్యూటర్.
"ఏమీ చేయక్కర్లేదు బ్రదర్, స్విచ్చేస్తే చాలు" అన్నాడు.
స్విచ్చేస్తే
ఫర్వానియాలో మా గది మూలన
ఇసుక మింగిన కంప్రెసర్ మాదిరి రొప్పింది.

నేను ఏసీ మెకానిక్కుని.
రొప్పేదాన్ని విప్పకుండా ఉండలేను.

నాలుగు స్క్రూలు. పక్కరేకు జారింది.
లోపల నాలుగేండ్ల కువైట్:
ఫ్యాను రెక్కల మీద తోజు గాలి తెచ్చిన పొడి,
ఎవరిదో పిల్లి వెంట్రుక,
రోమెల్ రాత్రిళ్లు వేయించిన వెల్లుల్లి జిడ్డు.
బ్లోయర్ పెట్టి ఊదితే
జిలానీ దుప్పటి రంగు మారింది.
రాత్రంతా బేకరీలో రొట్టెలు కాల్చి పడుకున్నోడు
నిద్రలోంచే ఒక తిట్టు తిట్టినాడు.
అచ్చం రాయచోటిది, చాలా రోజులకు విన్నా.

మొదటి జీతానికి హవల్లీ పోయి ర్యామ్ తెచ్చినా.
నొక్కితే టక్కుమని కూర్చుంది.
ఆ టక్కు కోసం ఇంకోసారి తీసి, ఇంకోసారి పెట్టినా.
మరుసటి నెల ఎస్సెస్డీ.
దాని స్క్రూ కిందపడితే
బియ్యంలో రాయి వెతికినట్టు టైల్స్ మీద
ముగ్గురం మోకాళ్ల మీద.

రంజాను ఓవర్‌టైమంతా గ్రాఫిక్స్ కార్డు తినేసింది.
సెకండ్ హ్యాండే. బరువుగా ఉంది, చిన్న ఇటుకలాగా.
దానికి కరెంటు చాలదంటే పెద్ద పవర్ సప్లై కొన్నా.
తీరా చూస్తే, పిన్ను పట్టదు.
ఈ బోర్డు చిల్లులు ఊరందరి చిల్లుల్లాంటివి కావు.
షాపు మలబారీ నవ్వినాడు:
"ఇది వేరేవాళ్ల కరెంటు తాగదు భాయ్.
కంపెనీ బోర్డు, కంపెనీ కరెంటే."

నాకు నవ్వు రాలేదు.
నా అకామా మీదా ఒక పేరుంది.
ఆ పేరు సంతకం పెట్టంది
పక్కవీధి షాపుకు నేను ఒక ఫిల్టరు కడగగూడదు.
రిలీజు అడిగి మూడేండ్లు, ఇన్షాల్లా అంటాడు, టీ ఇస్తాడు.

"మూడు దినార్లకు మార్పిడి వైరుంది" అన్నాడు మలబారీ.
జానెడు వైరు.
ఇటు కొస వాళ్లది, అటు కొస లోకానిది.
మనుషులకు గూడా చేస్తారా ఇట్లాంటిది,
అడగబోయి, డబ్బులిచ్చి వచ్చేసినా.

కార్డు పనిచేసింది గానీ కాలిపోతాంది.
చల్లగాలి లోపలికి రావడం కాదు లెక్క,
వేడి బయటికి పోవడం.
పదకొండేండ్లుగా షేకుల ఇండ్లల్లో చెప్తాండే మాటే.
నల్లద్దం పీకేసి
డక్టు జాలీ ముక్క కత్తిరించి బిగించినా.
అందం పోయింది.
పెట్టె మొదటిసారి ఊపిరి వదిలింది, చప్పుడు సగానికి దిగింది.

స్విచ్చేస్తే ఇప్పటికీ
"రోమెల్, స్వాగతం" అంటుంది. మార్చలేదు.

జూన్ శుక్రవారం, బయట నలభై తొమ్మిది.
నేను ఆడేది లారీ తోలే ఆట, అంతే.
ఇంతకుముందు అందులో వాన అంటే తెల్లగీతలు.
ఇప్పుడు చినుకు అద్దానికి తగిలి, ఆగి,
పక్క చినుకుతో కలిసి జారతాంది.
వైపరు తుడిచిన జాగాలో మళ్లీ పడతాంది.
రోడ్డు గుంటలో ఎర్రలైటు తేలతాంది.

జిలానీ ఎప్పుడు లేచినాడో,
కనుబొమల్లో మైదాపిండితో
నా కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు.
చానాసేపు ఏం మాట్లాడలేదు.

"ఓబులేసూ,
లారీ పక్కకు తీ.
ఇంజిను ఆపు."

ఆపినా.
ఫ్యాన్లు వినపడనంత మెల్లగా తిరుగుతున్నాయి.
వాన వినపడింది.